యూకేలో నర్సులు, ఫార్మసిస్టులు సొంతంగా ప్రిస్క్రిప్షన్ రాయడం కరెక్టేనా?

జీపీ_ట్రైనీ:
2006 నుంచి ఇక్కడ నర్సులు, ఫార్మసిస్టులు కోర్సు చేసి ఇండిపెండెంట్‌గా రాస్తున్నారు, తర్వాత ఫిజియోలు, పారామెడిక్స్ కూడా వచ్చారు, 2026 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే ఫార్మసిస్టులందరూ ప్రిస్క్రైబర్లే అంటున్నారు. నాకిది తొందరపాటు అనిపిస్తోంది. కాళ్లవాపుతో వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ రాసే ముందు ఆ వాపు గుండె వల్లా, కిడ్నీ వల్లా, లేక వేసుకుంటున్న బీపీ మందు ఆమ్లోడిపిన్ వల్లా అని తేల్చాలి కదా, అది ఆ కోర్సులోని 90 గంటల సూపర్‌వైజ్డ్ ప్రాక్టీస్‌తో వచ్చేస్తుందా?

మందులషాపు_మనిషి:
మీరు చెప్పిన ఉదాహరణ మా పక్షానే ఉందండీ. ఆమ్లోడిపిన్ వాపుకి ఇంకో మందు రాసి పంపితే కౌంటర్ దగ్గర పట్టుకునేది మేమే. 2009లో జీఎంసీ (ఇక్కడ డాక్టర్లని రిజిస్టర్ చేసే సంస్థ) చేయించిన స్టడీలో హాస్పిటల్లో డాక్టర్లు రాసిన ఆర్డర్లలో నూటికి దాదాపు 9 తప్పులు, కన్సల్టెంట్లు, అంటే సీనియర్ స్పెషలిస్టులు కూడా అందులో ఉన్నారు. పైగా ఆ 90 గంటలు డిగ్రీ మీద అదనం, డిగ్రీకి బదులు కాదు.

గాయాల_నర్సు:
ఇద్దరూ డయాగ్నోసిస్ దగ్గరే ఆగిపోయారు, రాయడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. 0.5 గ్రా అని కాకుండా 500 మి.గ్రా అని రాయాలి, మైక్రోగ్రామ్స్ అనేది పూర్తిగా రాయాలి, ఇన్సులిన్‌కి యూనిట్స్ బదులు ఒట్టి యూ అక్షరం పెడితే దాన్ని సున్నా అనుకుని 10 కాస్తా 100 అయిపోతుంది, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే కాబట్టి ఏ రోజో రాయాలి, రోజూ వేసుకుంటే ప్రాణం పోతుంది. ఇవి తెలిసి, తన పరిధిలో రాసేవాళ్లు ఎవరైనా నాకు ఓకే. నేను గాయాలకి రాస్తాను, గుండె మందుల జోలికి వెళ్లను. అసలు ప్రమాదం ఎక్కడంటే, బిజీ క్లినిక్‌లో "నేను చూశాలే, నువ్వు సంతకం పెట్టెయ్" అంటారు చూడండి, అక్కడ. చూడని పేషెంట్‌కి సంతకం పెడితే బాధ్యత పూర్తిగా మనదే, కొత్తగా పాసైన వాళ్లు అక్కడ కుదరదు అని చెప్పడానికి భయపడతారు, ఆ ధైర్యం కోర్సులోనే నేర్పాలి.

జీపీ_ట్రైనీ:
సంతకం మాట ఒప్పుకుంటానండీ, మా దగ్గరా అదే ఒత్తిడి. కానీ ఫార్మసిస్టే రాసి ఫార్మసిస్టే ఇచ్చేస్తే, ఇందాక మీరన్న ఆ పట్టుకునే మనిషి ఎక్కడ?

మందులషాపు_మనిషి:
అందుకే రాసేవాళ్లు, ఇచ్చేవాళ్లు వీలైనంతవరకు వేరుగా ఉండాలని గైడెన్స్ ఉంది. ఒక్కరే ఉన్న షాపులో అది కష్టం, నిజమే. నా మట్టుకు నేను రెండో చెక్‌కి మనిషి లేని రోజు అత్యవసరమైతే తప్ప రాయను, క్యూ పెరిగినా సరే.