ములుగులో భూమి కంపిస్తే లక్నవరం చెరువులో సునామీ వస్తుందా? ఉప్పాడలో మా చెల్లెలు భయపడాలా?

లక్నవరం పక్క ఊరు:

మాది గోవిందరావుపేట మండలం. 2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా వచ్చిన భూకంపాన్ని మా వైపు ఎవరూ మరచిపోలేదు. అరలో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. మా అత్తమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వాకిట్లోకి పరుగెత్తింది. అప్పటి నుంచి ఎక్కడ భూమి కదిలిందని వార్త వచ్చినా బంధువుల ఫోన్లలో ఒకటే సందేశం: లక్నవరంలో సునామీ పుడుతుందట, కట్ట కింది ఊళ్లు ఖాళీ చేయాలట. మా చెల్లెలిని కాకినాడ పక్కన ఉప్పాడకు ఇచ్చాము. వాళ్ల ఇల్లు సముద్రానికి దగ్గర. మాకు కంపిస్తే ఆమెకు ఫోను చేయాలా, అక్కడ సముద్రం పొంగితే మేము భయపడాలా, ఏమీ తెలియడం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పండి. "దేవుడి మీద భారం వేయండి" అనే జవాబులు ఇప్పటికే చాలా వచ్చాయి, ఇక వద్దు.

హనుమకొండ పాత పంతులు:

అమ్మా, ఉద్యోగమంతా భూగోళం చెప్పినవాణ్ని, క్లుప్తంగా చెప్పడం నాకు రాదు. ఓపిక పట్టండి.

ఆ రోజు మనకు వచ్చింది 5.3 తీవ్రత, భూమిలో 40 కిలోమీటర్ల లోతున. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర వచ్చింది 9.1. చూడటానికి తేడా నాలుగంకెలు కూడా లేదు. కానీ తీవ్రత ఒక్క అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన అది మన దానికి ఇంచుమించు 5 లక్షల రెట్లు. ఈ గుణకారం చేయించినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు సున్నాలు ఎక్కువ పడ్డాయనుకుని చెరిపేసేవారు.

పెద్ద భూకంపమైనంత మాత్రాన కూడా సునామీ రాదు. నీళ్లు నిండిన గంగాళం అడుగును కింది నుంచి పైకి నెడితే నీరంతా ఒక్కసారిగా లేస్తుంది, గంగాళాన్ని పక్కకు జరిపితే అంచున తొణుకుతుంది. సుమత్రా దగ్గర ఒక భూఫలకం మరో దాని కిందికి దూరుతూ, వందల ఏళ్లు బిగుసుకుపోయి, ఆ ఉదయం దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవున తెగింది. సముద్రపు అడుగు మీటర్ల లెక్కన లేచి తన మీదున్న నీటినంతటినీ ఎత్తింది. 14 దేశాల్లో రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా పోయారు. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రాకు పడమర సముద్రంలో 8.6 వచ్చింది. చెన్నైలో జనం వీధుల్లోకి పరుగెత్తారు. అయితే అక్కడ రాతి ఫలకాలు పక్కపక్కకు జారాయి. సముద్రం చెప్పుకోదగ్గంత లేవలేదు.

భూకంపానికి చెరువు నీరు ఊగడం వేరే సంగతి. 1950 అస్సాం భూకంపానికి ఎక్కడో నార్వేలోని సముద్రపు పాయల్లో నీరు ఊగింది, 2004లో బెంగాల్ చెరువుల్లో ఊగింది. చెరువులో నిజంగా ఊళ్లను ముంచే అల లేవాలంటే కొండ విరిగి నీటిలో పడాలి. ఇటలీలోని వయోంట్ జలాశయంలో 1963 అక్టోబరు 9న అదే జరిగింది. కొండచరియ జారిపడి, నీరు ఆనకట్ట మీదుగా దూకి, కింది ఊళ్లలో దాదాపు 2,000 మంది చనిపోయారు. ఆనకట్ట మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ నీటి లోతు రెండు వందల మీటర్లకు పైగా. మన లక్నవరం నీటిమట్టాన్ని ఇప్పటికీ అడుగుల్లోనే చెప్పుకుంటాము.

మీ వైపు నీటికి భయపడవలసిన రోజులు వేరే ఉన్నాయి. 2023 జులైలో లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు మోరంచపల్లిని ముంచితే జనం ఇళ్ల పైకప్పులెక్కారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఊళ్లు ఖాళీ చేయమనే ఆ సందేశం ఆ రాత్రి తిరిగి ఉంటే పుణ్యం వచ్చేది.

జనగామ మాజీ సైనికుడు:

పంతులు గారి మాటకు కొంత చేరుస్తాను. సునామీ తర్వాతి ఏడాది నేను అండమాన్‌లో ఉద్యోగంలో ఉన్నాను. అందరూ అల గురించే అడుగుతారు, అల వెళ్లిపోయాక మిగిలినదాని గురించి ఎవరూ అడగరు. పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్ అనే చోట వరి మడులుండేవి. భూకంపానికి ఆ నేల కుంగింది. సునామీ ఒక్క రోజే వచ్చింది, సముద్రపు పోటు మాత్రం రోజుకు రెండుసార్లు ఆ మడుల్లోకి వచ్చేది. నాది బోర్లు వేసి అప్పుల పాలైన ఊరు. మడి నిండా నీళ్లుండి గింజ పండకపోవడం నాకు మింగుడుపడలేదు.

గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగు నీటిలోకి పోయింది. ఉత్తర అండమాన్ పడమటి తీరాన దీనికి తిరుగుడు. అక్కడ నేల లేచి, పగడపు దిబ్బలు బయటపడి ఎండకు చచ్చాయి.

చెల్లెమ్మా, ఉప్పాడ తీరం సునామీతో పని లేకుండానే ఏటా కోసుకుపోతోంది. మీ వాళ్లు ఇల్లు ఒడ్డుకు దూరంగా మార్చుకునే వీలుంటే ఆ మాట ముందు ఆలోచించండి.

లక్నవరం పక్క ఊరు:

సార్, అన్నా, ఇద్దరికీ నమస్కారం. ఇవన్నీ ఫోనులో చెల్లెలికి చదివి వినిపించాను. ఆమెకు మరో అనుమానం: సముద్రం ముందు వెనక్కి పోతుందంటారు కదా, అది చూశాక పరుగెత్తితే సరిపోతుందా? వాళ్ల మామగారు వేటకు వెళతారు, పడవ మీద ఉండగా వస్తే ఏమి చేయాలి? గోదావరికి ఎదురెక్కి మా ఏటూరునాగారం దాకా వస్తుందా?

హనుమకొండ పాత పంతులు:

వెనక్కి పోయేదాకా ఆగవద్దని చెప్పండి. 2004లో సముద్రపు అడుగు పడమటి పక్క లేచింది, తూర్పు పక్క కుంగింది. అందుకే థాయ్‌లాండ్ వైపు నీరు ముందు వెనక్కి పోయింది. ఫుకెట్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల బ్రిటిష్ పిల్ల బడిలో విన్న భూగోళ పాఠం గుర్తొచ్చి చుట్టూ ఉన్నవాళ్లను లేపి పంపించింది. (ఆ పంతులు మీద నాకు ఇప్పటికీ అసూయ.) మన తూర్పు తీరం వైపు బయలుదేరిన అల అలా కాదు, దాని ముందు భాగమే ఎత్తు. అంటే నీరు నేరుగా పెరుగుతుంది.

సుమత్రాలో మన కాలమానం 6.29కి భూమి తెగితే చెన్నైకి అల వచ్చింది 9 గంటల ప్రాంతంలో. రెండు గంటలకు పైగా సమయం ఉంది, చెప్పేవారు లేరు. ఆంధ్ర తీరంలోనే వంద మందికి పైగా పోయారు. ఇప్పుడు 2007 నుంచి ఇన్‌కాయిస్‌లో, అంటే సముద్రాల సమాచారం అందించే జాతీయ సంస్థలో, సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. అదీ ఎక్కడ, సముద్రం లేని మన హైదరాబాద్‌లో! అధికారులు వెళ్లమంటే వెళ్లాలి. ఒడ్డున గట్టిగా, చాలాసేపు కంపిస్తే వాళ్లు చెప్పేదాకా కూడా ఆగకూడదు. మొదటి అలతో అయిపోదు, గంటల తరబడి వస్తూనే ఉంటాయి.

మామగారి సంగతి. 4,000 మీటర్ల లోతులో సునామీ అల గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కానీ ఎత్తు మీటరు లోపే. పడవలో ఉన్నవారికి తెలియనే తెలియదు. లోతు 10 మీటర్లకు తగ్గేసరికి వేగం 36 కిలోమీటర్లకు పడిపోతుంది, వెనకాల వస్తున్న నీరు ముందున్న నీటి మీద పడి ఎత్తు పెరుగుతుంది. కాబట్టి లోతు నీటిలో ఉన్నవారు ఒడ్డుకు రాకూడదు, ఒడ్డున ఉన్నవారు పడవను కాపాడుకోవడానికి నీటిలోకి దిగకూడదు.

నదిలోకి వస్తుంది. 2011లో జపాన్‌లోని కితాకామి నదిలో దాదాపు 50 కిలోమీటర్లు ఎదురెక్కింది. ఏటూరునాగారం అంతకన్నా ఎన్నో రెట్లు దూరం, మధ్యలో ధవళేశ్వరం ఆనకట్ట. నిశ్చింతగా ఉండండి.

భూపాలపల్లి సర్వేయర్:

సునామీ గురించి చెప్పారు సరే, మన కింద ఏముందో కూడా చెప్పాలి కదా పంతులు గారూ. గోదావరి లోయకు రెండు పక్కలా పాత పగుళ్లున్నాయి. వాటి మధ్య నేల కుంగి, ఆ పల్లంలో పూడిపోయిన అడవులే మన బొగ్గు. రామగుండం, భూపాలపల్లి, మణుగూరు ఒకే వరుసలో ఉన్నది అందుకే. ఆ పగుళ్లు ఇంకా చావలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం వైపు 5.7 వచ్చింది.

కాబట్టి అక్కా, ఇల్లు కట్టే ఆలోచన ఉంటే పిల్లరు రింగుల కొనలు కాంక్రీటు లోపలికి బాగా వంచమని మేస్త్రీకి చెప్పండి. మా వైపు చాలామంది మూల మీద మడిచి వదిలేస్తున్నారు, గట్టిగా ఊగితే అవి విప్పుకుంటాయి.