రిజిస్ట్రేషన్, వేదిక ల్యాప్‌టాప్‌లు: బూట్ పారామీటర్ల పని

సాంకేతిక బృందం:
అందరికీ నమస్కారం. సంఘానికి వచ్చిన ఆరు పాత ల్యాప్‌టాప్‌లలో డెబియన్ మినిమల్ (తక్కువ ప్యాకేజీలతో ఉండే లినక్స్) వేశాం. నాలుగు రిజిస్ట్రేషన్‌కి, రెండు వేదిక ప్రొజెక్టర్లకి. బూట్ పారామీటర్లంటే సిస్టమ్ మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కి (లినక్స్ మూల భాగానికి) ఇచ్చే సూచనలు. దయచేసి ఎవరూ నేరుగా వాటి ఫైల్ మార్చకండి, ముందు ఒక్క బూట్‌కే పెట్టి చూడండి. గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే సిస్టమ్‌ని ఎంచుకోమని వచ్చే తెర) ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’తో మొదలయ్యే లైన్ చివర ఒక ఖాళీ వదిలి పారామీటర్ కొట్టి, కంట్రోల్-ఎక్స్ నొక్కండి. తప్పు పడినా రీస్టార్ట్ చేస్తే పాత లైనే వస్తుంది. ‘సమానం’ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు.

రిజిస్ట్రేషన్:
అన్నా, ఒకటి గ్రబ్ దాటగానే తెర నల్లబడి ఆగిపోతోంది. పైగా ఇక్కడి కీబోర్డులో సమానం కొడితే ఇంకేదో పడుతోంది.

సాంకేతిక బృందం:
గ్రబ్ మామూలుగా అమెరికన్ అమరికే తీసుకుంటుంది అక్కా. మీట మీద ఏం అచ్చయి ఉన్నా సరే, బ్యాక్‌స్పేస్‌కి ఆనుకుని ఎడమపక్కది సమానం, కుడి షిఫ్ట్‌కి ఎడమపక్కది స్లాష్.

నల్ల తెర సంగతికి ముందు ఆ లైన్‌లో ‘క్వైట్’ (బూట్ సందేశాలు దాచే మాట) తీసేయండి, ఎక్కడ ఆగుతోందో సందేశాల్లో తెలుస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ దగ్గరే ఆరిపోతుంటే ‘నోమోడ్‌సెట్’ (కెర్నల్ తెర మోడ్ మార్చకుండా ఆపేది) చేర్చండి. వేదిక ల్యాప్‌టాప్‌లలో మాత్రం అది అస్సలు వద్దు. రిజల్యూషన్ మార్చడం కుదరదు, రెండో తెర దొరక్కపోవచ్చు.

వేదిక:
మా రెండోది యూఎస్‌బీ డిస్క్ నుంచి బూటవుతుంది. ఒక్కోసారి ‘డ్రాపింగ్ టు ఎ షెల్’ అని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో (అసలు డిస్క్ దొరికేలోపు నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్) పడిపోతోంది.

సాంకేతిక బృందం:
ఆ ప్రాంప్ట్‌లోనే ‘బీఎల్‌కేఐడీ’ (డిస్కుల జాబితా చూపే కమాండ్) కొట్టండి. ఇప్పుడు డిస్క్ కనిపిస్తే అది ఆలస్యంగా తేలిందన్నమాట, ‘రూట్‌డిలే=10’ (పది సెకన్లు ఆగమని) చాలు. ‘రూట్=’ తర్వాత ఎస్‌డీఏ లాంటి డిస్క్ పేరుంటే తీసేసి యూయూఐడీ (ఆ డిస్క్ భాగానికి మారని గుర్తింపు సంఖ్య) పెట్టండి. ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే ఆ పేర్లు తారుమారవుతాయి.

వేదిక:
పనిచేసింది. శాశ్వతం చేద్దామంటే ‘అప్‌డేట్-గ్రబ్’ అనే కమాండే లేదంటోంది.

సాంకేతిక బృందం:
ఉంది, మీ పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) లేదంతే. ఉత్త ‘ఎస్‌యూ’ కాకుండా పక్కన ఖాళీ వదిలి ఒక డాష్ పెట్టి రూట్ (అడ్మిన్) యూజర్‌లోకి వెళ్లండి. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో రెండు లైన్లుంటాయి. ‘డిఫాల్ట్’ అని ముగిసే లైన్‌లో రాసింది రికవరీ బూట్‌కి చేరదు. అందుకని రిజిస్ట్రేషన్‌వాళ్ల నోమోడ్‌సెట్ అయినా, మీ రూట్‌డిలే అయినా ‘డిఫాల్ట్’ లేని లైన్‌లో, కొటేషన్ల లోపల రాసి, అప్పుడు అప్‌డేట్-గ్రబ్ నడపండి.

రీబూట్ అయ్యాక /ప్రాక్/సీఎండీలైన్ (ఈ బూట్‌కి కెర్నల్‌కి అందిన లైన్) చూడండి. అయితే అక్షరం తప్పిన పారామీటరు కూడా అందులో కనిపిస్తుంది, కెర్నల్ ఎర్రర్ ఇచ్చి ఆగదు. కాబట్టి డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపే dmesg కమాండ్) ‘అన్‌నోన్ కెర్నల్ కమాండ్ లైన్ పారామీటర్స్’ అనే వరుస కూడా వెతకండి. నోమోడ్‌సెట్‌లో ఒక్క అక్షరం తప్పినా అక్కడ దొరికిపోతుంది.

రిజిస్ట్రేషన్:
మా నాలుగూ ఈ రాత్రికి చూస్తాం. రెండు వరుసలూ ఫోటో తీసి ఇక్కడే పెడతాం అన్నా.

సాంకేతిక బృందం:
మంచిది అక్కా. వేదికవాళ్లు ప్రొజెక్టర్ కేబుల్ తగిలించి ఉంచే రీబూట్ చేయండి.