ఎంఎస్‌కి ఎల్‌ఓఆర్ (సిఫారసు లేఖ): హెచ్‌ఓడీ గారిదా, ప్రాజెక్ట్ గైడ్‌దా?

ప్రశ్న:
జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సీఎస్‌ఈ ఫైనలియర్. అమెరికాలో ఆరు యూనివర్సిటీలకు అప్లై చేస్తున్నాను, చాలావాటికి గడువు డిసెంబర్ 15. తలా మూడు ఎల్‌ఓఆర్‌లు కావాలి. హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గారు నాకు క్లాసు చెప్పలేదు గానీ సంతకం పెడతానన్నారు. గైడ్ అసిస్టెంట్ ప్రొఫెసరే. ఎవరిది మేలు? అసలు వీటిని చదువుతారా?

జవాబు 1:
గైడ్‌నే అడగండి. హోదా చూసి సీటివ్వరు, మీ పని దగ్గరుండి చూసిన మనిషి మాటకే విలువ. ‘సిన్సియర్, హార్డ్‌వర్కింగ్’ అని పేజీ నింపితే దండగ, మార్కులు ఎలాగూ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటాయి. ‘డేటాబేస్ క్వెరీ నెమ్మదిగా నడుస్తుంటే ఇండెక్స్ వేసి, ముందూ తర్వాతా టైమింగ్ కొలిచి చూపించాడు’ లాంటి ఒక్క వాక్యం చాలు, చదివేవాళ్లు ఆగుతారు.

ఎంత పనిచేస్తుందంటారా? వందలమందిని తీసుకునే కోర్స్‌వర్క్ (క్లాసులే ప్రధానమైన) ఎంఎస్‌కి ముందు మార్కులు, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం). అంచున ఉన్నవాళ్ల దగ్గరే లెటర్ అటో ఇటో తేలుస్తుంది. థీసిస్ ఎంఎస్, పీహెచ్‌డీ అయితే లెక్క వేరు. అక్కడ ప్రొఫెసర్లే కూర్చుని చదువుతారు.

జవాబు 2:
లెటర్ బాగున్నా పోర్టల్ (యూనివర్సిటీ అప్లికేషన్ వెబ్‌సైట్) దగ్గర దెబ్బతినేవాళ్లు ఉంటారు. మీరు సార్ పేరు, మెయిల్ ఎక్కించగానే ఆయనకు లెటర్ అప్‌లోడ్ చేసే లింక్ వెళ్తుంది, అది తరచూ స్పామ్‌లో పడుతుంది. చాలా పోర్టళ్లలో అప్లికేషన్ సబ్మిట్ చేయకముందే లింక్ పంపొచ్చు, చివరిదాకా ఆగకండి. జీమెయిల్ వద్దు, కాలేజీ డొమైన్ మెయిల్ ఇవ్వండి. అది వాడకంలో లేకపోతే ఇప్పుడే తెరిపించండి.

లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నారా అని ఫెర్పా (విద్యార్థుల రికార్డులపై అమెరికా చట్టం) కింద అడుగుతారు. అవునని టిక్ పెట్టండి. లేకపోతే మొహమాటానికి రాశారనుకుంటారు. చాలాచోట్ల లెటర్‌తోపాటు టాప్ 5%, టాప్ 10% అంటూ గడులు నింపే పట్టిక కూడా సార్‌కి వస్తుంది. లెటర్‌లో ఆకాశానికెత్తి పట్టికలో ‘యావరేజ్’ కొడితే రెండూ చెడతాయి.

సార్ పేరుతో దొంగ మెయిల్ సృష్టించి మేమే అప్‌లోడ్ చేస్తామనే కన్సల్టెన్సీల జోలికి పోకండి. అది మోసం. బయటపడితే వచ్చిన అడ్మిషన్ కూడా రద్దు కావచ్చు.

జవాబు 3:
ఆరు యూనివర్సిటీలంటే లెటర్ రాసే ఒక్కొక్కరికీ ఆరు అప్‌లోడ్‌లు, మొత్తం 18. అందుకే నెలన్నర ముందే అడగాలి. ట్రాన్‌స్క్రిప్ట్, రెజ్యూమె, ప్రాజెక్ట్ రిపోర్ట్, గడువుల పట్టిక ఒక్క ఫోల్డర్‌లో పెట్టివ్వండి. పది రోజుల ముందు ఒకసారి గుర్తుచేయండి.

‘నువ్వే రాసుకురా’ అంటారు, మన దగ్గర మామూలే. లెటర్ రాసివ్వకండి, పాయింట్లు ఇవ్వండి, అదీ ఒక్కో సార్‌కీ వేర్వేరుగా. మూడు లెటర్లూ ఒకే చేత్తో రాసినట్టుంటే ఒకేసారి తెరిచి చదివేవాళ్లకు ఇట్టే దొరికిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. హెచ్‌ఓడీ గారు నొచ్చుకోరా?

జవాబు 1:
‘క్లాసులో నన్ను చూసినవాళ్లే రాయాలని ఫామ్‌లో ఉంది సార్’ అనకండి, ఫామ్‌లో అలా లేకపోతే అబద్ధమవుతుంది. గైడ్, ల్యాబ్ చెప్పిన మేడమ్, సబ్జెక్ట్ చెప్పిన ఇంకో సార్ ఒప్పుకున్నారని చెప్పి, వాళ్ల కాలేజీ మెయిల్ ఐడీలు తెరిపించే సాయం ఆయన్ని అడగండి. ఆ పనిలో ఆయన మాట ఉపయోగపడొచ్చు.