నాడీ వైవిధ్యాన్ని అంగీకరించే థెరపీ: మాటలు రాని పిల్లలకు అది సరిపోతుందా?

ఒక తల్లి:
మా అబ్బాయికి నాలుగేళ్లు. ఆటిజం ఉంది, మాటలు ఇంకా రాలేదు, ఒక్కోసారి తలను గోడకేసి కొట్టుకుంటాడు. వారానికి ముప్పై గంటలకు తగ్గకుండా ప్రవర్తనా శిక్షణ (ఏబీఏ) ఇప్పించాలని ఒక నిపుణుడు, వాడి స్వభావాన్ని దిద్దే ప్రయత్నం మానేసి అవసరాలకు తగినట్టు చుట్టూ ఉన్నవాటిని మార్చాలని మరొకరు చెబుతున్నారు. రెండో మాట, అంటే మెదడు పనిచేసే తీరులోని తేడాలను లోపాలుగా చూడని నాడీ వైవిధ్య దృక్పథం, నా మనసుకు నచ్చింది. అయితే అది మాట్లాడగలిగిన ఆటిస్టిక్ పెద్దల అనుభవంలోంచి వచ్చిన వాదమని, మా వాడి విషయంలో దాన్ని పాటిస్తే ఏమీ చేయకుండా వదిలేసినట్టవుతుందని భయంగా ఉంది.

ప్రవర్తనా శిక్షకుడు:
మీ భయం సహేతుకమైనదే. 1987లో మనస్తత్వవేత్త లోవాస్ ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 40 గంటల ప్రవర్తనా శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది సాధారణ పాఠశాలలో మొదటి తరగతి పూర్తి చేయగలిగారు. ఆనాటి కఠిన పద్ధతులను ఈ రంగంలో చాలామంది వదిలేశారు. తనకు తాను గాయం చేసుకునే బిడ్డకు నేర్పడంలో ఆలస్యం చేయడాన్ని గౌరవమని నేను అనలేను.

స్పీచ్ థెరపిస్టు:
ఆలస్యం చేయమని ఎవరూ అనడం లేదండీ. ఆ అధ్యయనాన్ని ప్రస్తావించేటప్పుడు, పిల్లలను యాదృచ్ఛికంగా బృందాలుగా విభజించలేదనీ, శిక్షణలో గట్టిగా గద్దించడం, తొడపై కొట్టడం కూడా భాగంగా ఉన్నాయనీ చెప్పకపోతే చదివేవారికి అన్యాయం జరుగుతుంది. పైగా విజయాన్ని ఐక్యూతోనూ, ఏ తరగతిలో కూర్చున్నారన్నదానితోనూ కొలిచారు గానీ, ఆ పిల్లలు లోపల ఎంత భయాన్ని మోశారన్నది ఆ కొలతలో లేదు. చేతులు ఆడించకుండా, కళ్లలోకి చూస్తూ కూర్చోవడం అలవాటైన బిడ్డ మనకు కుదుటపడినట్టు కనిపిస్తాడు. కానీ తన తీరును ఏళ్ల తరబడి దాచుకోవడానికీ, ఆందోళనకూ, ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం ఉన్నట్టు ఆటిస్టిక్ పెద్దలపై జరిగిన అధ్యయనాల్లో కనిపించింది.

అమ్మా, తల కొట్టుకోవడాన్ని వైవిధ్యమని వదిలేయకూడదు. ముందుగా పంటినొప్పి, చెవినొప్పి, మలబద్ధకం, నిద్రలేమి ఉన్నాయేమో డాక్టరు చేత చూపించండి, ఎందుకంటే నొప్పిని చెప్పుకోలేని బిడ్డకు అదే భాష కావచ్చు. గాయం కాకుండా అడ్డుకుంటూనే, ఏ శబ్దం తరువాత, ఏ మార్పు తరువాత అది మొదలవుతోందో రాసుకోండి. దానితోపాటే బొమ్మల పుస్తకమో, మాటలు పలికే ట్యాబ్లెట్టో ఈ రోజే చేతికివ్వండి. వాటివల్ల మాటలు రాకుండా పోతాయన్న అపోహ చాలా కుటుంబాలను ఆపేస్తోంది. పరిశోధనలు మాత్రం ఆ భయాన్ని సమర్థించడం లేదు. "వద్దు" అనే గుర్తును మొదటి రోజుల్లోనే నేర్పి, వాడు దాన్ని వాడినప్పుడు సాధ్యమైనంతవరకు మన్నించాలి. ఇంత పని ఉన్న పద్ధతిని ఏమీ చేయకపోవడమని అనలేం.

బ్రిటన్‌లో 152 మంది చిన్న పిల్లలతో జరిగి 2010లో ప్రచురితమైన పాక్ట్ (తల్లిదండ్రుల ద్వారా బిడ్డ సంభాషణను పెంచే చికిత్స) ప్రయోగంలో, తల్లిదండ్రులు తమ ఆటల వీడియోలు చూసుకుంటూ బిడ్డ సంకేతాలకు స్పందించడం నేర్చుకున్నారు. ఆటిజం లక్షణాలపై వెంటనే కనిపించిన ప్రభావం స్వల్పమే. కానీ తల్లిదండ్రుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తామే ముందుగా పలకరించడం పెరిగింది.

ప్రవర్తనా శిక్షకుడు:
"వద్దు" నేర్పడాన్ని నేనూ సమర్థిస్తాను. కానీ రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవడానికి వాడు వద్దంటే మన్నించలేం కదా?

స్పీచ్ థెరపిస్టు:
మన్నించలేం. అక్కడ చేయి పట్టుకుంటాం, ఎందుకో బొమ్మతో చూపిస్తాం, వాడి నిరసనను తప్పుగా లెక్కించం. ప్రాణానికి సంబంధించిన లక్ష్యాన్నీ, చూసేవారికి ఇబ్బంది కలగకూడదన్న లక్ష్యాన్నీ ఒకే పట్టికలో కలిపేయడమే నా అభ్యంతరం.

ఒక తల్లి:
రేపు పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం. ఆ తరువాత ఇద్దరు నిపుణులనూ ఒకే విషయం అడుగుతాను: సెషన్‌లో వాడు ఏడ్చి, లేచి వెళ్లిపోవాలనుకుంటే మీరేం చేస్తారు?