అను ఫాంట్ పీడీఎఫ్‌లను స్క్రీన్ రీడర్ చదవాలంటే ఎలా?

అనంతపురం రైతుల కోసం ఉన్న ఒక సమాచార వెబ్‌సైట్ నిర్వహణ నేను చూస్తున్నాను. విత్తన వేరుశనగ పంపిణీ, పింఛన్ల వివరాలు అందులో ఉంటాయి. చూపు లేనివాళ్లూ వాడుకోవాలని విండోస్ 11లో క్రోమ్, ఎన్‌వీడీఏ (తెరమీది రాతను పైకి చదివే స్క్రీన్ రీడర్), ఈస్పీక్ తెలుగు గొంతుతో పరీక్షిస్తున్నా. యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) పేజీలకు ఇబ్బంది లేదు. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో పెట్టాక బాగానే చదువుతోంది. గొంతు మరమనిషిదే అనుకోండి, అర్థమైతే చాలు.

చిక్కంతా పాత పీడీఎఫ్‌లతోనే. అవి పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసినవి. కంటికి ‘వేరుశనగ’ అని చక్కగా కనిపిస్తుంది, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఎన్‌వీడీఏ చదివేదీ ఆ గోలే. అక్రోబాట్‌లో ట్యాగులు (ఏది శీర్షిక, ఏది పట్టిక అని చెప్పే గుర్తులు), భాష పెట్టి చూశా, లాభం లేదు. లోపలున్న అక్షరాలే తెలుగు కానప్పుడు ట్యాగులేం చేస్తాయి? ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేస్తే వత్తులు తారుమారయ్యాయి. టెసరాక్ట్ తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్) 300 డీపీఐలో పేరాలను బాగానే పట్టింది గానీ, మండలం, విత్తన రకం, క్వింటాళ్లు, తేదీ ఉన్న పట్టికల్లో పక్కపక్క గడులను కలిపేస్తోంది. ఒక మండలం తేదీ ఇంకో మండలానికి అంటుకుంటే రైతు తిరిగిన తిరుగుడంతా వృథా.

ఇలాంటి అను ఫాంట్ పట్టికలను వరసలు చెదరకుండా యూనికోడ్ హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చడానికి మీరు వాడి చూసిన పద్ధతి ఏది?