ఏ దేశంలో ఇంటి ఇంటర్నెట్ ఎలా ఉంది? స్పీడ్‌తో పాటు లైన్ సంగతి కూడా చెప్పండి

రాత్రిపక్షి:
ఉండేది జర్మనీలో, పని ఇంటి నుంచే. ఏ దేశంలో నెట్ బాగుంటుందని ఎవరినడిగినా ఒక స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ పంపుతారు. అది మధ్యాహ్నం పూట రూటర్ పక్కనే కూర్చుని తీసింది అయ్యుంటుంది. దాన్నిబట్టి ఏం తెలుస్తుంది? రాత్రి తొమ్మిదింటికి ఎలా ఉంటోంది, అప్‌లోడ్ ఎంత, ఇంట్లోకి వచ్చేది ఫైబరా రాగి తీగా, లైన్ పోతే ఎన్నాళ్లకు బాగుచేస్తారు? ఇవి చెబితే పోల్చుకోవచ్చు.

ముందు నా సంగతి. మా బిల్డింగ్‌కి వచ్చేది పాత టెలిఫోన్ తీగే. వీధి చివర పెట్టె దాకా ఫైబర్, అక్కడి నుంచి రాగి. సూపర్ వెక్టరింగ్ అనే పద్ధతిలో దీని మీద 250 ఎంబీపీఎస్ దాకా ఇస్తారు, అదీ పెట్టె దగ్గర్లో ఉంటేనే. దూరం పెరిగేకొద్దీ స్పీడ్ పడిపోతుంది. అప్‌లోడ్ 40 దాటదు. ఇంత పెద్ద పారిశ్రామిక దేశంలో ఈ పరిస్థితి ఏమిటా అని వెతికితే పాత కథ బయటపడింది. 1981లోనే హెల్ముట్ ష్మిట్ ప్రభుత్వం దేశమంతా ఫైబర్ వేయాలనుకుంది. మరుసటి ఏడాది హెల్ముట్ కోల్ ప్రభుత్వం వచ్చాక డబ్బు టీవీ కేబుల్ వైపు మళ్లింది. అప్పుడు భూమిలోకి వెళ్లిన తీగలే ఇప్పటికీ చాలా ఇళ్లకు గతి.

వెన్నెల_జె:
జపాన్ నుంచి. ఇక్కడ దాదాపు అందరికీ ఫైబరే. అయినా సాయంత్రాలు నెట్ నత్తనడక నడుస్తోందనే ఫిర్యాదు వింటూనే ఉంటాం. ఫైబర్ ఉండి కూడా ఎందుకలా అంటే, లైన్ ఒకరిది, ఇంటర్నెట్ సర్వీస్ ఇంకొకరిది. పీపీపీఓఈ అనే పాత లాగిన్ పద్ధతిలో కనెక్ట్ అయితే ఈ రెండూ కలిసే చోట ఉండే పరికరం మీదుగా ట్రాఫిక్ అంతా పోవాలి. రాత్రి ఎనిమిది దాటితే అక్కడ జామ్. ఐపీవీ6 అనే కొత్త ఇంటర్నెట్ అడ్రసుల విధానం మీద నడిచే ఐపీఓఈ పద్ధతికి మారితే ఆ ఇరుకును తప్పించుకుని వెళ్తాం. నేను మారాక రాత్రికీ పగటికీ తేడానే లేదు. లైన్ అదే, తీగ అదే. రూటర్ ఆ పద్ధతికి పనికొచ్చేదిగా ఉండాలి, అది ముందే చూసుకోండి.

ఇంకొకటి. పాత అపార్ట్‌మెంట్లలో ఫైబర్ కింది గది దాకా వచ్చి ఆగుతుంది. అక్కడి నుంచి ఒక్కో ఫ్లాట్‌కి టెలిఫోన్ తీగ మీద వీడీఎస్ఎల్. అక్కడ 100 ఎంబీపీఎస్‌కి మించి ఎంత అడిగినా రాదు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు గోడలో ఉన్నది ఫైబర్ సాకెట్టా, ఫోన్ సాకెట్టా అని చూడటం చాలా ముఖ్యం.

శరత్_లైన్స్:
రొమేనియాలో కొంతకాలం ఉన్నాను. అక్కడి నెట్ చూసి ముచ్చటేసింది. 90ల చివర, 2000ల మొదట్లో అపార్ట్‌మెంట్లలో కుర్రాళ్లు గేమ్స్ కోసం, ఫైళ్ల కోసం ఒక బ్లాక్ నుంచి పక్క బ్లాక్‌కి సొంతంగా తీగలు లాక్కున్నారు. ఆ పేట నెట్‌వర్కులే చిన్న కంపెనీలై, తర్వాత పెద్దవాటిలో కలిశాయి. పాత రాగి తీగను పట్టుకుని వేలాడే అవసరం లేకపోవడంతో నేరుగా ఈథర్నెట్, ఆ తర్వాత ఫైబర్ వచ్చేశాయి. స్తంభాల మీద తీగల గుత్తులు చూడటానికి బాగుండవు, కానీ అప్‌లోడ్ కూడా దండిగా వచ్చేది.

కడలి:
అమెరికాలో మాకు కేబుల్ టీవీ లైన్ మీద వచ్చే నెట్. డౌన్‌లోడ్ వందల్లో, అప్‌లోడ్ ఇరవై లోపు. కేబుల్‌ని మొదట టీవీ కోసం వేశారు కాబట్టి పైకి పంపే సిగ్నల్‌కి 5 నుంచి 42 మెగాహెర్ట్జ్ మధ్య చిన్న జాగా వదిలారు, మిగతాదంతా కిందికి వచ్చేదానికే. ఇప్పుడు ఆ జాగాను పెంచుతున్నారు కానీ అన్ని ఊళ్లలో ఇంకా అవ్వలేదు. పైగా ఆ కాస్తనీ చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా పంచుకోవాలి.

2015 నుంచి ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, బ్రాడ్‌బ్యాండ్ అంటే డౌన్‌లోడ్ 25 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 3 అని చెబుతూ వచ్చింది. 2024లో దాన్ని 100, 20 చేసింది. అప్‌లోడ్ 3 తో ఒక ఇంట్లో ఇద్దరు వీడియో కాల్ మాట్లాడితే ఏమవుతుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

నాకో సందేహం. మా ఇంట్లో పెద్ద ఫైల్ ఏదైనా పైకి ఎక్కుతుంటే మిగతా అందరి కాల్స్ తెగిపోతాయి. అది లైన్ తప్పా, రూటర్ తప్పా?

మధు_నెట్:
కడలి గారూ, దాన్ని బఫర్‌బ్లోట్ అంటారు. మీ మోడెమ్ లోపల డేటా ఆగే క్యూ ఒకటి ఉంటుంది. ఫైల్ అప్‌లోడ్ ఆ క్యూని నింపేస్తే, కాల్ మాట తాలూకు చిన్న ప్యాకెట్ చివర నిలబడాల్సి వస్తుంది. మామూలుగా 15 మిల్లీసెకన్లు ఉండే పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, అప్పుడు ఐదారు వందలకు పోతుంది. స్పీడ్ టెస్ట్‌లో ఇది కనపడదు. ఒక విండోలో పింగ్ నడుస్తుండగా ఇంకో విండోలో అప్‌లోడ్ పెట్టి చూడండి, వెంటనే తెలిసిపోతుంది.

రూటర్‌లో ఎస్‌క్యూఎం అనే, క్యూని అదుపులో పెట్టే సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి, అసలు వచ్చే అప్‌లోడ్‌లో 85, 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. క్యూ మోడెమ్‌లో కాకుండా మీ రూటర్‌లో ఏర్పడుతుంది, దాన్ని కేక్ లాంటి పద్ధతులు చక్కగా నడిపిస్తాయి. రూటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఇది దొరుకుతుంది. స్పీడ్ కాస్త తగ్గుతుంది, కాల్స్ మాత్రం నిలబడతాయి. ఇంకా పెద్ద ప్లాన్ కొనే ముందు ఇది చేసి చూడమని అందరినీ బతిమాలుతున్నాను.

లక్ష్మి_దక్షిణం:
ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రెండింటిలోనూ ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. పక్కపక్క దేశాలు, దారులు మాత్రం వేరు.

న్యూజిలాండ్‌లో 2011లో పాత టెలిఫోన్ కంపెనీని రెండుగా విడగొట్టారు. తీగలు వేసే కోరస్ ఒకటి, సర్వీస్ అమ్మేది ఇంకొకటి. కోరస్ నేరుగా ఇళ్లకు నెట్ అమ్మకూడదు. ఫైబర్ ఒకటే ఉంటుంది, దాని మీద ఎవరి సర్వీస్ నచ్చితే వాళ్లది తీసుకోవచ్చు. నచ్చకపోతే తవ్వకాలు, కొత్త తీగలు ఏమీ లేకుండా మారిపోవచ్చు. 2022 చివరికి జనాభాలో 87 శాతం మందికి ఆ ఫైబర్ అందుబాటులోకి వచ్చింది.

ఆస్ట్రేలియా 2009లో ఇంకా పెద్దగా అనుకుంది, 90 శాతం ఇళ్లకు నేరుగా ఫైబర్. 2013లో ప్రభుత్వం మారాక, ఖర్చు తగ్గుతుందని కొన్నిచోట్ల వీధి పెట్టె దాకా ఫైబర్, కొన్నిచోట్ల పాత కేబుల్, ఇలా కలగాపులగం చేశారు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లకు వేర్వేరు రకాల లైన్లు ఉండటం నేను చూశాను. ఇప్పుడు వెనక్కి వచ్చి, ఆ రాగి ఇళ్లకే మళ్లీ ఫైబర్ వేస్తున్నారు. రాత్రిపక్షి గారు జర్మనీ గురించి చెప్పిందీ ఇదే కదా. ఆ డబ్బు, ఆ ఏళ్లు తలుచుకుంటే బాధేస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆస్ట్రేలియాని మెచ్చుకోవాలి. అక్కడి వినియోగదారుల సంస్థ సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్య ఏ కంపెనీ నిజంగా ఎంత ఇస్తోందో కొలిచి బయటపెడుతుంది.

వెన్నెల_జె:
బ్రిటన్‌లో కూడా అలాంటిదే ఉంది. 2018 నుంచి ప్రకటనలో స్పీడ్ వేస్తే, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య కనీసం సగం మంది కస్టమర్లకు అది అందుతుండాలి.

సుబ్బు_స్ప్లైస్:
ఇండియాలో లైన్ పని చేస్తాను. మన దగ్గర ఫైబర్ ఎక్కువగా స్తంభాల మీదుగానే వస్తుంది. చెట్టు కొమ్మ విరిగినా, ఎత్తుగా లోడు వేసుకున్న లారీ వెళ్లినా కట్. రూటర్ మీద ఎర్ర లైట్ వెలిగిందంటే వెలుగు రావడం లేదని అర్థం. అయితే తీగ పైనే ఉంది కాబట్టి తెగిన చోటు త్వరగా దొరుకుతుంది. పై తొడుగు తీసి, వెంట్రుకంత గాజు పోగును ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో సమంగా కోసి, మెషీన్‌లో రెండు కొసలూ ఎదురెదురుగా పెడితే క్షణాల్లో అతుక్కుంటాయి. మీద స్లీవ్ వేసి వేడి చేయాలి. తర్వాత మీటర్ పెట్టి వచ్చే వెలుగు పవర్ చూస్తాం. దాన్ని డీబీఎంలో కొలుస్తాం. మైనస్ 20 డీబీఎం దగ్గర ఉంటే హాయి. మైనస్ 27 కంటే కిందికి పడిందంటే ఈరోజు పనిచేసినా రేపు గ్యారంటీ లేదు. చాలా రూటర్ల పేజీలో ఈ అంకె కనిపిస్తుంది. లైన్ మాటిమాటికీ పోతుంటే ముందు అది చూసి, ఫోన్‌లో ఆ అంకె చెప్పండి. ఊరికే రీస్టార్ట్ చేయమని మిమ్మల్ని తిప్పలు పెట్టరు.

ఒక ఫైబర్‌ని స్ప్లిటర్‌తో 32 లేదా 64 ఇళ్లకు పంచుతాం. జీపాన్ అనే ఈ మామూలు పద్ధతిలో ఆ ఇళ్లన్నిటికీ కలిపి కిందికి సుమారు 2.5 జీబీపీఎస్, పైకి 1.25. అందరూ ఒకేసారి పూర్తిగా వాడరు కాబట్టి సరిపోతుంది.

మధు_నెట్:
సుబ్బన్నా, డీబీఎం విషయం నిజంగా పనికొచ్చేది. దీనికి పూర్తి భిన్నంగా స్విట్జర్లాండ్‌లో చాలా ఊళ్లలో స్ప్లిటర్ లేకుండా ఒక్కో ఇంటికి విడిగా ఫైబర్ వేశారు. అందుకే 2021లో ఒక చిన్న కంపెనీ ఇళ్లకు 25 జీబీపీఎస్ ఇవ్వగలిగింది. రెండు కొసల్లో పరికరం మార్చితే చాలు, తీగ ముట్టుకోనక్కర్లేదు.

ఇల్లు దాటాక ఉండే దూరాన్ని కూడా మరిచిపోవద్దు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 1,000 కిలోమీటర్లకు రానూపోనూ 10 మిల్లీసెకన్లు. ఎంత గొప్ప ప్లాన్ కొన్నా ఇది తగ్గదు. సముద్రం కింద ఒకే కేబుల్ ఉన్న దేశాల సంగతి మరీ కష్టం. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా కేబుల్ తెగితే, దేశం బయటికి వెళ్లే ఆ లైన్ అతకడానికి ఐదు వారాలు పట్టింది.

కడలి:
మధు గారూ, ఎస్‌క్యూఎం పెట్టాను. అప్‌లోడ్ నడుస్తుండగా పింగ్ 30 దాటడం లేదు. చాలా థ్యాంక్స్ అండి. వచ్చే నెల జర్మనీకి మారుతున్నాం. రాత్రిపక్షి గారూ, ఫైబర్ లేని ఇంట్లో కేబుల్ మంచిదా, ఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ మంచిదా?

రాత్రిపక్షి:
ఇద్దరూ కాల్స్ మీదే పని చేసేవాళ్లయితే నా ఓటు డీఎస్ఎల్‌కే, పెట్టె దగ్గర్లో ఉంటే. స్పీడ్ తక్కువైనా సాయంత్రం ఊగిసలాట తక్కువ. డౌన్‌లోడ్లు ఎక్కువైతే కేబుల్. ఏది తీసుకున్నా, ఒప్పందంలో రాసిన స్పీడ్ రాకపోతే 2021 డిసెంబర్ నుంచి బిల్లు తగ్గించుకునే హక్కు ఉంది. దానికి ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ బుండెస్‌నెట్జ్‌ఆగెంటూర్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో, వేర్వేరు మూడు రోజుల్లో మొత్తం 30 సార్లు కొలవాలి. వైఫై మీద కొలిస్తే ఒప్పుకోరు, కంప్యూటర్‌కి లాన్ కేబుల్ పెట్టాలి. కాబట్టి లాన్ పోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్ గానీ అడాప్టర్ గానీ మీతో తెచ్చుకోండి.