రోబో కన్సోల్ ఎక్కడానికి ఇంకా ఎన్నాళ్ళు? కొలోరెక్టల్ చేసేవాళ్ళు చెప్పండి

పక్కబల్ల_డాక్టర్:

ఎంఎస్ జనరల్ సర్జరీ కోస్తాలో ఒక గవర్నమెంటు కాలేజీలో చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో సర్జికల్ గ్యాస్ట్రో ఎంసీహెచ్ (ఎంఎస్ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ) రెండో ఏడాది. ఎంఎస్‌లో పేగు ఆపరేషన్లన్నీ ఓపెన్‌లోనే చూశాను, అవీ చాలావరకు అర్ధరాత్రి వచ్చే ఎమర్జెన్సీలు, చిల్లు పడినవీ మెలిపడినవీ. లాప్ (చిన్న గాట్లలోంచి కెమెరాతో చేసే లాపరోస్కోపీ) అంటే గాల్‌బ్లాడరు, అపెండిక్సు, అంతే. ఇక్కడ డిపార్ట్‌మెంట్‌లో డావిన్సీ ఎక్స్‌ఐ అనే రోబో ఉంది, రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ కేసులు ఎక్కువ దాని మీదే అవుతాయి. ఎనిమిది నెలలుగా నా పని మాత్రం పేషెంటు పక్కన నిలబడి ఇన్‌స్ట్రుమెంట్లు మార్చడం, సక్షన్ పట్టుకోవడం, ఆర్ములు ఒకదానికొకటి తగులుతుంటే చూసి చెప్పడం. సార్ ఓ మూల కన్సోల్‌లో, అంటే రోబో ఆర్ముల్ని నడిపే చోట, తల పెట్టి కూర్చుంటారు, గొంతు మాత్రం స్పీకర్లోంచి వస్తుంది, "సక్షన్... ఇంకా కిందకి... అది కాదయ్యా, కింద అంటే కింద" అని.

సాయంత్రాలు సిమ్యులేటర్ మీద కూర్చుంటున్నాను. సీ స్పైక్స్, రింగ్ రోలర్‌కోస్టర్ లాంటివాటిలో స్కోరు 90 దాటుతోంది. సార్‌కి చూపిస్తే "మంచిది" అని ఫోన్ చూసుకున్నారు. ఈలోపు నా బ్యాచ్‌మేట్ ఒకడు ప్రైవేటులో చేరి, ఆన్‌లైన్ మాడ్యూళ్ళు, ల్యాబ్ ట్రైనింగ్ ముగించుకుని కంపెనీ సర్టిఫికెట్ ఫొటో స్టేటస్‌లో పెట్టాడు. కుళ్ళు అనుకోండి, టెన్షన్ అనుకోండి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లాప్‌లో పేగు ఆపరేషన్లు చేతికి రాకుండా నేరుగా రోబో నేర్చుకోవచ్చా? ఎన్ని కేసులకి చెయ్యి తిరుగుతుంది? ఈ పక్కన నిలబడే పనివల్ల నిజంగా ఏమైనా వస్తుందా, లేక మనిషి దొరక్క నన్ను పెట్టారా?

పాతకత్తెర:

చివరి ప్రశ్నకి ముందు చెబుతాను. రెండూ నిజమే తమ్ముడూ. మనిషి దొరక్కే పెట్టారు, అయినా దానివల్ల నీకు చాలా వస్తుంది.

నేను పదేళ్ళు లాప్ చేసి ఆ తర్వాత రోబోకి వచ్చినవాణ్ణి. మొదటి కేసుల్లో నాకు ఇబ్బంది కన్సోల్‌లో రాలేదు, పోర్టుల దగ్గర, అంటే ఇన్‌స్ట్రుమెంట్లు దూర్చే గాట్ల దగ్గర వచ్చింది. ఆ గాటులో పెట్టే గొట్టం, అదే ట్రోకార్, దాని మీద లావుపాటి నల్ల గీత ఉంటుంది చూడు, అది పొట్ట గోడ మందంలోనే ఉండాలి, ఎందుకంటే ఆర్మ్ తిరిగేదంతా ఆ ఒక్క బిందువు చుట్టూనే. గీత లోపలికి జారినా బయటికొచ్చినా ఆర్మ్ కదిలినప్పుడల్లా పొట్ట గోడ సాగుతుంది, ఆపరేషన్ అయ్యాక పేషెంటు క్యాన్సర్ సంగతి వదిలేసి ఆ చిన్న గాటు దగ్గర నొప్పి గురించే చెబుతుంటాడు. పోర్టులు దగ్గరదగ్గరగా పెడితే ఆర్ములు బయట కొట్టుకుంటాయి, లోపల సర్జన్‌కి "ఎందుకు కదలట్లేదు" అని చిరాకు. సుమారు ఎనిమిది సెంటీమీటర్ల ఎడం అని పుస్తకంలో చదవడం వేరు, గాలి నింపాక ఉబ్బిన పొట్ట మీద, అదీ పొట్టిగా లావుగా ఉన్న మనిషి మీద, ఎక్కడ పెట్టాలో కంటికి తెలియడం వేరు. అది పక్కన నిలబడ్డవాడికే తెలుస్తుంది. పక్కన నిలబడకుండా నేరుగా కన్సోల్ ఎక్కినవాళ్ళని చూశాను, లోపల చెయ్యి బాగానే ఆడుతుంది గానీ బయట ఏం జరుగుతోందో ఊహకి అందదు, అన్నిటికీ పక్కవాడి మీద అరుస్తారు.

సిమ్యులేటర్ స్కోరు గురించి మీ సార్ ఫోన్ చూసుకోవడంలో తప్పు లేదు. సిమ్యులేటర్ నేర్పేది కాళ్ళకీ చేతులకీ పొత్తు. ఎడమ కాలి వైపు క్లచ్, కెమెరా, ఆర్మ్ మార్చే పెడల్, కుడి కాలి వైపు కాల్చేవి. తొందర్లో ఒక పెడల్‌కి ఇంకొకటి నొక్కి, కాల్చాల్సిన చేతికి బదులు పట్టుకున్న చేతికి కరెంటు ఇచ్చినవాళ్ళున్నారు, అందులో నేనొకణ్ణి, అదృష్టం కొద్దీ ఆ చేతిలో ఉన్నది కొవ్వు. అలాంటివి పోవడానికి సిమ్యులేటర్ కావాలి, మానొద్దు. కానీ అందులో కణజాలం చిరగదు, రక్తం కారి ఎరుపంతా కమ్ముకోదు.

అసలు కష్టం స్పర్శ. ఎక్స్‌ఐలో చేతికి ఏమీ తెలియదు, పేగుని పట్టి ఉంచే మీసెంటరీ పొరని ఎంత గట్టిగా లాగుతున్నావో అది నీకు చెప్పదు. 2024లో అమెరికాలో అనుమతి వచ్చిన డావిన్సీ 5లో ఒత్తిడి చేతికి తెలిసే ఏర్పాటు పెట్టారు, నీ మెషీన్ మీద మాత్రం అంతా కళ్ళతోనే. పేగు పైపొర తెల్లబడుతోందా, చిన్న రక్తనాళం సాగి సన్నబడుతోందా, దారం మెరుపు మారిందా అని చూస్తుండాలి. కొత్తలో నేను కుట్టు ముడి బిగిస్తూ ఎన్ని దారాలు తెంపానో మా సిస్టర్‌కి ఇంకా గుర్తే, పండక్కి ఫోన్ చేసినా అదే ఎత్తుతుంది.

ఇక లాప్. రావాలనే అంటాను, కానీ లాప్‌లో గొప్పవాడివి అయ్యాకే అనను. కావాల్సింది ప్లేన్ తెలియడం, అంటే ఏ పొరల మధ్య కొయ్యాలో తెలియడం. బాసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డ్ 1982లో రాసిన మీసోరెక్టల్ ఎక్సిషన్ కత్తెరతో ఓపెన్‌లో చేసిందే కదా. రెక్టమ్‌నీ దాని చుట్టూ ఉన్న కొవ్వునీ ఒకే పొట్లంలా, పైపొర చిరక్కుండా, వెనకున్న నరాలని వాటి చోట వాటిని వదిలేసి తియ్యాలి. పొర చిరిగితే క్యాన్సర్ మళ్ళీ అక్కడే వచ్చే భయం, నరం పోతే మూత్రం, మగతనం రెండూ పోవచ్చు. రోబో ఇచ్చేది స్థిరమైన కెమెరా, మణికట్టులా తిరిగే కొస, ఇరుకు పెల్విస్‌లో కూడా వణకని చెయ్యి. ఎక్కడ కొయ్యాలో అది చెప్పదు. ఓపెన్‌లో నువ్వు చూసిన అర్ధరాత్రి కేసులు కూడా ఎక్కడికీ పోవు, రక్తం వచ్చినప్పుడు పొట్ట తెరవాల్సింది నువ్వే.

ఎన్ని కేసులు అన్నావు. ఒకే సర్జన్ చేసిన 50 కేసుల టైములు లెక్కేసి 2011లో ఒక పేపర్ వచ్చింది, అందులో మొదటి దశ 15 కేసులు, ఆ తర్వాత ఓ పది కేసులు నిలకడ, అక్కణ్ణుంచి కష్టమైనవి ఎత్తుకోవడం. అందరూ ఆ 15 నుంచి 25 అనే అంకె పట్టుకుని తిరుగుతుంటారు. అది లాప్ బాగా వచ్చిన మనిషి లెక్క, పైగా కొలిచింది టైము. తొందరగా చెయ్యడం వస్తే బాగా చెయ్యడం వచ్చినట్టు కాదు, కాబట్టి ఆ అంకెని గోడ మీద రాసుకోకు.

ఓటీ_సిస్టర్_22ఏళ్ళు:

పాతకత్తెర సార్ దారాల సంగతి ఒప్పుకున్నందుకు సంతోషం, మా సార్లు ఎవరూ ఒప్పుకోరు 😀

డాక్టర్ బాబూ, నువ్వు ఒక పని చెయ్యి. ఎమర్జెన్సీ అన్‌డాకింగ్, అంటే హడావిడిగా రోబోని పేషెంటు నుంచి విడదియ్యడం, మీ టీమ్ అంతా కలిసి ఎప్పుడైనా ఉత్తి బల్ల మీద చేసి చూశారా? లోపల రక్తం వచ్చి పొట్ట తెరవాలంటే ముందు ఇన్‌స్ట్రుమెంట్లు బయటికి రావాలి, తర్వాత ఆర్ములు ట్రోకార్ల నుంచి విడదియ్యాలి, తర్వాత ఆర్ములున్న కార్టు వెనక్కి. ఇన్‌స్ట్రుమెంటు పేగు పట్టుకుని ఇరుక్కుపోతే విడిపించే చిన్న రెంచి ఉంటుంది, అది ఏ డ్రాయర్లో ఉందో నీకు తెలుసా? మా దగ్గర కొత్తగా వచ్చిన ప్రతి డాక్టర్ని ఇదే అడుగుతా, సగం మంది నా మొహం చూస్తారు. ఇంకోటి, డాకింగ్ అయ్యాక బల్ల కదపకూడదు, బల్లా రోబో కలిసి కదిలే ప్రత్యేకమైన టేబుల్ ఉంటే తప్ప. ఒకసారి అనస్తీషియా పీజీ తల వైపు కాస్త ఎత్తుదామని రిమోట్ అందుకున్నాడు, నేను అరిచిన అరుపుకి పక్క థియేటర్ వాళ్ళు వచ్చారు.

రాజమండ్రి_శ్రీను:

నేను డాక్టర్ని కాదు. మా నాన్నకి రెక్టమ్ క్యాన్సర్, రేడియేషన్ అయింది, వచ్చే నెల రోబో ఆపరేషన్ అన్నారు, వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. చదివాక భయం ఎక్కువైంది. దారాలు తెంపడం, తప్పు పెడల్ నొక్కడం... కోపంగా అనట్లేదు, మీరంతా నేర్చుకునేది మా నాన్నలాంటివాళ్ళ మీదేనా?

పాతకత్తెర:

శ్రీను గారూ, అడగాల్సిన ప్రశ్నే. అవును, చివరికి మనుషుల మీదే నేర్చుకుంటాం, ఓపెన్ సర్జరీ కూడా అలాగే నేర్చుకున్నాం, దాచి లాభం లేదు. కానీ నేర్చుకునేవాణ్ణి మొత్తం ఆపరేషన్ ఎత్తుకోనివ్వరు. ముందు వీడియోలు, సిమ్యులేటర్, కాడావర్ (శవాల) ల్యాబ్ లేదా జంతువుల ల్యాబ్, ఆ తర్వాత సొంత కేసులు మొదలుపెట్టినప్పుడు ప్రాక్టర్, అంటే పర్యవేక్షించే అనుభవమున్న సర్జన్, పక్కనే ఉంటాడు. కొన్నిచోట్ల రెండు కన్సోళ్ళు ఉంటాయి, గురువు ఒకదానిలో, శిష్యుడు ఒకదానిలో, డ్రైవింగ్ స్కూల్ కారులో రెండో బ్రేకు ఉన్నట్టు, క్షణంలో చేతులు ఆయన లాగేసుకుంటాడు. ఆపరేషన్‌ని ముక్కలు చేసి ఇస్తాం. ముందు పేగుని పక్క గోడ నుంచి విడదీసే తేలిక భాగం, కొన్నాళ్ళకి స్ప్లీన్ దగ్గరి మలుపు, ఆ తర్వాత ఎడమ యురేటర్‌ని (కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం) చూపించి పక్కకి తప్పించాక పెద్ద రక్తనాళం కట్టడం, పెల్విస్‌లో వెనక వైపు, అన్నిటికన్నా ఆఖర్న ముందు వైపూ అడుగు భాగమూ. కేసులు కూడా ఎంచుకుంటాం. మీ నాన్నగారిలా రేడియేషన్ అయిన కేసు, అందులోనూ మగవాళ్ళ ఇరుకు పెల్విస్, కొత్తవాడికి ఇచ్చేది కాదు.

మీ డాక్టర్ని మూడు అడగండి, ఏమీ అనుకోరు, అనుకుంటే అది కూడా మీకు సమాచారమే. రెక్టమ్ కేసులు రోబోతో మీరు స్వయంగా ఎన్ని చేశారు, కన్సోల్‌లో మీరు కాక ఇంకెవరైనా కూర్చుంటారా, కష్టమైతే ఓపెన్‌కి మారడానికి సిద్ధమేనా. మూడోదానికి "ఆ అవసరమే రాదు" అన్నవాళ్ళ దగ్గర నేనైతే ఆగి ఆలోచిస్తాను.

ఎందుకు చెబుతున్నానంటే, 10 దేశాల్లో 471 మందితో జరిగిన రోలార్ అనే ట్రయల్ 2017లో వచ్చింది. ఓపెన్‌కి మారాల్సి వచ్చినవాళ్ళు లాప్‌లో 12.2 శాతం, రోబోలో 8.1 శాతం, గణాంకాల లెక్కలో అది తేడా కింద నిలవలేదు. అందులో సర్జన్ల రోబో అనుభవం ఒక్కలా లేదు, తర్వాత అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే బాగా చేతికొచ్చినవాళ్ళ దగ్గర రోబోకి మేలు కనిపించే సూచన వచ్చింది. చైనాలో 11 ఆసుపత్రుల్లో చెయ్యి తిరిగిన సర్జన్లతో చేసిన రియల్ ట్రయల్‌లో మధ్య, కింది రెక్టమ్ క్యాన్సర్లకి మూడేళ్ళలో అదే చోట తిరగబెట్టడం రోబోలో 1.6 శాతం, లాప్‌లో 4 శాతం. కాబట్టి మెషీన్ ఏ మోడలో కన్నా దాని ముందు ఎవరు కూర్చుంటున్నారో కనుక్కోండి.

డెట్రాయిట్_పద్మ:

అమెరికాలో ఐదేళ్ళ జనరల్ సర్జరీ రెసిడెన్సీ అయ్యి కొలోరెక్టల్ ఫెలోషిప్ ఏడాదిలో ఉన్నాను. నాది తమ్ముడికి పూర్తిగా తిరగేసిన సమస్య. రెసిడెన్సీలోనే రోబో విపరీతంగా చేశాను, లాప్‌లో రెక్టమ్ చెయ్యమంటే చేతులు వణుకుతాయి, ఓపెన్ రెక్టమ్ చూసింది వేళ్ళ మీద లెక్క. మీకు అర్ధరాత్రి ఓపెన్ కేసులు బోరు అనిపించాయేమో గానీ నాకు అసూయగా ఉంది.

మా ప్రోగ్రామ్‌లో బెడ్‌సైడ్ (పేషెంటు పక్కన నిలబడే) కేసులు కొన్ని నిర్ణయించిన లెక్క ప్రకారం లాగ్ చెయ్యందే కన్సోల్ ముట్టనివ్వలేదు. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం వీడియో. ప్రతి కేసూ రికార్డవుతుంది కదా, నేను చేసిన పదిహేను నిమిషాల ముక్క ఇంటికెళ్ళి గొంతు ఆపేసి చూస్తాను. ఎడమ చెయ్యి ఏం చేస్తోందో చూడు అని మా అటెండింగ్ (సీనియర్ సర్జన్) మొదటి రోజే చెప్పాడు. చూస్తే నా ఎడమ చెయ్యి నిద్రపోతోంది. కుడి చెయ్యి కొయ్యడానికి తంటాలు పడుతుంటే ఎడమది ట్రాక్షన్ (లాగి పట్టే తీరు) మార్చకుండా ఒకేచోట పట్టుకుని కూర్చుంది. మూడో ఆర్మ్ సంగతి సరేసరి, అది ఫ్రేములోనే లేదు, బయట ఎక్కడో కాలేయానికి ఆనుకుని ఉన్నా నాకు తెలిసేది కాదు.

ఇండియాలో ఫెలోషిప్ కావాలంటే వట్టికూటి ఫౌండేషన్ వాళ్ళవి చూడండి. మా ఊళ్ళో రోబో ప్రొస్టేట్ ఆపరేషన్లకి పేరు తెచ్చిన వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ ఆ పేరు మీదే ఉంది, ఆ రాజ్ వట్టికూటి మనవాడే. ఇక మన దేశంలో తయారైన ఎస్ఎస్ఐ మంత్ర ఉన్న ఆసుపత్రిలో చేరితే, దాని కన్సోల్ తల దూర్చేది కాదు, ఎదురుగా పెద్ద త్రీడీ తెర, ఆర్ములు కూడా ఒక్కోటి ఒక్కో బండి మీద, కాబట్టి పోర్టుల లెక్క మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ప్లేన్ తెలిసినవాడికి అది పెద్ద కష్టం కాదు.

రాజమండ్రి_శ్రీను:

పాతకత్తెర గారికి కృతజ్ఞతలు. మూడూ అడిగాను. మొదటిదానికి అంకె చెప్పారు, రెండోదానికి "మా ఫెలో కొంత భాగం చేస్తాడు, నేను పక్క కన్సోల్‌లోనే ఉంటాను" అన్నారు, మూడోదానికి "దానికే కదా పక్కన ఓపెన్ సెట్ పెట్టుకునేది" అన్నారు. నాన్న మాత్రం ఇంకా రోబో అంటే సినిమాలోలా తనంతట తనే కోసేస్తుందని అనుకుంటున్నాడు.

పక్కబల్ల_డాక్టర్:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. రెంచి మూడో డ్రాయర్లో ఉంది సిస్టర్, అడిగితే మా సిస్టర్ కూడా వెతికి చెప్పింది. శనివారం ఉత్తి బల్ల మీద అన్‌డాకింగ్ చేశాం, మొదటిసారి గందరగోళం, ఇద్దరం ఒకే ఆర్మ్ పట్టుకున్నాం, నాలుగోసారికి కుదిరింది.

సిమ్యులేటర్ స్కోర్లు చూపించడం మానేసి, సార్ చేసిన పాత కేసు వీడియో ఒకటి తీసుకెళ్ళి "ఇక్కడ ఎడమ చెయ్యి ఎందుకు మార్చారు సార్" అని అడిగాను. ఫోన్ పక్కన పెట్టి అరగంట చెప్పారు. నిన్న సన్నగా ఉన్న ఒక పెద్దావిడకి సిగ్మాయిడ్ (రెక్టమ్‌కి పైనున్న పెద్దపేగు భాగం) కేసు, పక్క గోడ నుంచి విడదీసే భాగం నాకిచ్చారు. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. పది సెంటీమీటర్లు కూడా వెళ్ళానో లేదో, చొక్కా మొత్తం తడిసింది, కన్సోల్‌లో తల బయటికి తీస్తే ఆర్ములు లాక్ అవుతాయన్నది మర్చిపోయి రెండుసార్లు తల తీశాను. సార్ బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. "సరే లే, ఇటు రా, ఆ జూనియర్‌కి సక్షన్ పట్టుకోవడం రావట్లేదు" అన్నారు.